మెట్ట రైతు ఇల్లాలైన మా అమ్మ జీవితాన్ని చిన్న పుస్తకంగా ఎలా రాయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం.

మా అమ్మ కిందటి మాఘమాసంలో తన డెబ్బై రెండో ఏట కాలం చేసింది. వచ్చే మాఘంలో జరిగే సంవత్సరీకం నాటికి ఆమె జీవితాన్ని నలభై యాభై పేజీల పుస్తకంగా అచ్చువేయించి ఊరివారికీ బంధువులకూ పంచాలని నా కోరిక. రాయడానికి కూర్చుని నెల దాటింది. రాసిన రెండు పేజీలనూ మళ్ళీ చదువుకుంటే వాటిలో అన్నపూర్ణ, సహనమూర్తి, త్యాగమయి, చల్లని తల్లి అన్న మాటలున్నాయి గాని మా అమ్మ లేదు. ఆ మాటలు అబద్ధాలు కావు. కానీ ఏ ఊళ్ళో ఏ తల్లి ఫొటో కింద రాసినా అవి సరిపోతాయి.

మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో కలిగిరికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. చెరువు కింద ఎకరంన్నర కయ్యలు, మెట్టన నాలుగెకరాల ఎర్రచేను మా ఆస్తి. అమ్మ పదహారో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చి యాభై ఆరేళ్ళు ఆ నేల మీదే పనిచేసింది. సజ్జ, కంది, వేరుశనగ, కొన్నేళ్ళు పొగాకు, చెరువు నిండిన ఏడు వరి. వీటిలో ఆమె చెయ్యి పడని పంట లేదు. తెల్లవారుజామున కసువు ఊడ్చి కళ్ళాపి చల్లడంతో మొదలైన రోజు, రాత్రి గొడ్లకు ఆఖరి మేత వేసిన తరువాతే ముగిసేది. మేము ముగ్గురం పిల్లలం ఆ పనుల మధ్యనే పెరిగాము.

ఇంటితో ఆమె ఆగలేదు. ఎండాకాలం మా బావి దగ్గర చలివేంద్రం పెట్టి దారిన పోయేవారికి నీళ్ళు, మజ్జిగ తానే ముంచి ఇచ్చేది. ఏ ఇంట్లో పురుడు వచ్చినా, అది ఏ వీధి అయినా, అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళేది. విత్తనం లేని ఇంటికి మానికలతో కొలిచి ఇచ్చి, పంట వచ్చాక అదే కొలత తిరిగి తీసుకునేది. పైన ఒక్క గింజ కూడా తీసుకునేది కాదు. అక్షరాలు నేర్పే రాత్రి బడికి నలభయ్యేళ్ళ వయసు దగ్గరపడ్డాక వెళ్ళింది. పొదుపు సంఘానికి చాలా ఏళ్ళు నాయకురాలిగా ఉంది. 1992లో సారా బండిని ఊరి పొలిమేరలో మొట్టమొదట అడ్డుకున్నది ఆమేనని మా ఇంట్లో అందరం చెప్పుకుంటాము.

ఇక్కడే నాకు అసలు చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో మా నాన్న తాగేవాడు. ఆ విషయం ఊరందరికీ తెలుసు, మా పిల్లలకు మాత్రం తెలియదు. నాన్నకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు, ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆ సంగతి పుస్తకంలో ఒక్క అక్షరం కూడా ఉండరాదని మా అక్క పట్టుబడుతోంది. దానిని వదిలేస్తే, సారా బండికి అడ్డం వెళ్ళే ధైర్యం అమ్మకు ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవారికి ఎలా అర్థమవుతుంది?

మరొక సంగతి కూడా నన్ను నిద్రపోనివ్వడం లేదు. మరణ ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు నింపేటప్పుడు వృత్తి అన్న చోట "గృహిణి" అని రాసింది నేనే. చెయ్యి అలవాటుగా రాసేసింది. యాభై ఆరేళ్ళు సేద్యం చేసిన మనిషికి ఆ మాట సరిపోతుందా అని ఆ రోజు నాకు తోచలేదు. ఇటువంటి జీవితాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి, ఏ కాగితాలు వెదకాలి అన్నది అనుభవమున్నవారు చెప్పాలని కోరుతున్నాను.


జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా

మీ అమ్మగారికి నా నివాళి. ఆమెను నేను చూసే ఉంటానేమో కూడా. 1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు కలిగిరి, కొండాపురం, ఉదయగిరి వైపు పల్లెల్లో రాత్రి బడులకు తిరిగిన ఉపాధ్యాయులలో నేనూ ఒకణ్ణి.

ఆ బడులు ఎలా ఉండేవో మీ పుస్తకంలో తప్పక రాయండి, ఎందుకంటే చూసినవారు తగ్గిపోతున్నారు. చేలో పని, ఇంటి పని, పిల్లలకు అన్నాలు పెట్టడం అన్నీ ముగిసిన తరువాత, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు, గుడి అరుగు మీదనో బడి వరండాలోనో లాంతరు చుట్టూ ఆడవాళ్ళు కూర్చునేవారు. పగలంతా కలుపు తీసిన వేళ్ళకు బలపం పట్టు దొరికేది కాదు. మొదటి వారం చాలామంది పలకను ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండేవారు. అప్పటి వాచకంలో "సీతమ్మ కథ" అన్న పాఠం ఒకటి ఉండేది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక సంసారం కథ అది. ఆ పాఠం వచ్చిన రాత్రి అక్షరాలు పక్కకు పోయి మాటలు మొదలయ్యేవి. ఎవరి ఇంట్లో రోజు కూలి ఎంత వస్తుంది, అందులో ఎంత సారా కొట్టుకు పోతుంది అని ఒకరి తరువాత ఒకరు వేళ్ళ మీద లెక్క చెప్పేవారు. చదువు చెప్పడానికి వెళ్ళిన మేము ఆ రాత్రులలో విని నేర్చుకున్నదే ఎక్కువ.

సారా అప్పుడు ప్రభుత్వ "వారుణి వాహిని" పథకం కింద ప్యాకెట్లలో నేరుగా పల్లెకే వచ్చేది. తాగునీటి కుళాయి లేని ఊరికి సారా ప్యాకెట్టు మాత్రం వేళకు చేరేది. కలిగిరి మండలంలోని దూబగుంటలో ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు ఆ తరువాత రాష్ట్రమంతటా తెలిసింది. ఆ అనుభవమే "ఆడవాళ్ళు ఏకమైతే" అన్న పాఠమై తిరిగి రాత్రి బడులకు వచ్చింది. పక్క ఊరి ఆడవాళ్ళు చేసిన పనిని ఈ ఊరి ఆడవాళ్ళు తాము కొత్తగా నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదువుకున్నారు. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోను, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. ఈ తేదీలను మీ అమ్మగారి వయసు పక్కన పెట్టుకుంటే ఆమె ఎప్పుడు ఏ పనిలో ఉందో మీకే స్పష్టమవుతుంది.

ఒక మాట పెద్దవాడిగా చెబుతాను, తప్పుగా తీసుకోకండి. "మొట్టమొదట అడ్డుకున్నది మా అమ్మే" అన్న వాక్యాన్ని అచ్చుకు ఇచ్చే ముందు విచారించండి. నేను తిరిగిన చాలా ఊళ్ళలో చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని ముందు నిలబడినవారు దళితవాడ కూలి తల్లులు, వెనుకబడిన కులాల పేద స్త్రీలు. రోజు కూలి రోజే సారాకు పోయిన ఇళ్ళు వారివి. పొలమున్న ఇళ్ళ ఇల్లాళ్ళు చాలాచోట్ల తరువాత వచ్చి చేరారు. అలా వచ్చి చేరడం కూడా చిన్న విషయం కాదు. గడప దాటి, మామగారి ఎదుట, వాడ ఆడవాళ్ళ సరసన రోడ్డు మీద కూర్చోవడానికి ఆ కాలంలో ఎంత తెగువ కావాలో నేను చూశాను. మీ ఊళ్ళో ఏం జరిగిందో వాడకు వెళ్ళి అక్కడి పెద్ద ముత్తైదువలను, అవ్వలను అడగండి. మీ అమ్మగారు మొదటివారు కాకపోతే ఆ మాటే రాయండి. ఆమె గౌరవం దానితో తగ్గదు.


జవాబు: కోనసీమ నుంచి ఒక పాఠకురాలు

మీరు అన్నపూర్ణ అన్న మాట వద్దనుకుంటున్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. మా ప్రాంతంలో ఆ మాట డొక్కా సీతమ్మగారి పేరుతో కలిసిపోయింది. ఆమె 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో సేద్యం చేసే జోగన్నగారి ఇల్లాలు. గోదావరి దాటే బాటసారులు ఆ దారినే పోయేవారు కనుక వేళ కాని వేళ తలుపు తట్టినా అన్నం పెట్టారు. మా పెద్దలు ఆమె గురించి చెప్పేటప్పుడు ఎవరూ బిరుదులతో మొదలుపెట్టరు. వరద రాత్రి ఆకలితో కేకవేసిన మనిషికి పడవ మీద అన్నం తీసుకువెళ్ళారని చెబుతారు. అది విన్న పిల్లలు వెంటనే "అంత నీళ్ళలో ఎలా వెళ్ళింది?" అని అడుగుతారు. మీ పుస్తకం చదివిన మనవరాలు అటువంటి ప్రశ్న ఒకటి అడగాలి. "చల్లని తల్లి" అని రాస్తే ఏ బిడ్డా ఏమీ అడగదు. మీ అమ్మగారు లాంతరు పట్టుకుని పురిటింటికి వెళ్ళిన ఒక్క రాత్రి గురించి, వాన పడిందా, ఎవరు పిలవడానికి వచ్చారు, తెల్లారాక తిరిగి వచ్చి ముందు ఏ పని చేశారు, ఇవన్నీ రాయండి.


జవాబు: దివిసీమ నుంచి, అత్తగారి జీవితాన్ని రాసిన ఒక కోడలు

నేను మా అత్తగారి గురించి ఆరేళ్ళ కిందట ఇటువంటి పుస్తకమే రాశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట తేదీల సంగతి. మన తల్లులు ఏళ్ళను అంకెలతో లెక్కపెట్టుకోలేదు. మా ప్రాంతంలో 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత కాలమే రెండు ముక్కలైంది. అత్తగారి తోటివారు ఏది చెప్పినా "ఉప్పెనకు ముందు" అనో "ఉప్పెన పోయాక" అనో చెప్పేవారు. మీ ఊళ్ళో అటువంటి గుర్తులు ఏవో ముందు కనుక్కోండి. చెరువు తెగిన ఏడు, కరెంటు వచ్చిన ఏడు, పెద్దకోడలు వచ్చిన ఏడు అని వారు చెప్పే లెక్కనే ముందు రాసుకోండి. సంవత్సరాలను తరువాత జతచేసుకోవచ్చు.

రెండవది, అడిగే తీరు. "మా అమ్మ ఎలాంటిది?" అని అడిగితే "దేవత నాయనా" అని కళ్ళు తుడుచుకుంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. నేను ఆ పొరపాటే చేసి మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆ తరువాత ఒకరోజు అత్తగారి చెలికత్తె చింతపండు గింజ తీస్తుంటే నేనూ పక్కన కూర్చుని ఆ పనిలో పడ్డాను. "ఈ పని మీరు కలిసి చేసేవారా?" అన్నాను. రెండు గంటలు ఆమె ఆగకుండా చెప్పింది. చేతిలో పని ఉంటే జ్ఞాపకం దానంతట అదే వస్తుంది. మీ ఇంట పొగాకు వేశారని రాశారు. పచ్చాకును కర్రలకు కట్టడం, ఆకు కాల్చే కొట్టమైన బ్యారన్‌లో ఐదారు రోజులు వేడి తప్పకుండా రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండడం, కాలిన ఆకును రంగును బట్టి ఏరడం, వీటిలో ఆడవాళ్ళ పాలు ఎంతో ఆ పనిచేసినవారికే తెలుసు. ఆ రాత్రులు బ్యారన్ దగ్గర మీ అమ్మగారితో మేలుకున్నవారు ఎవరైనా ఉంటే ముందు వారి దగ్గరకు వెళ్ళండి. విత్తనాన్ని ఆమె ఎలా దాచేదో కూడా అడగండి. బూడిద కలిపిందా, వేపాకు వేసిందా, కుండ మూతికి పేడ మెత్తిందా, ఏ కంకిని విత్తనానికి పక్కన పెట్టాలో ఎవరు నిర్ణయించేవారు? చాలా ఇళ్ళలో ఆ నిర్ణయం ఆడవాళ్ళది. వచ్చే ఏడు పంట అంతా ఆ ఎంపిక మీదే ఆధారపడేది.

ఇంకొక మాట. మీరు ఒక్కరే వెళ్ళకండి, మీ అక్కగారిని వెంట తీసుకువెళ్ళండి. వీలైతే మీరు బయట అరుగు మీద ఉండి, లోపలికి ఆమెనే పంపండి. పురుళ్ళ గురించి, పోయిన బిడ్డల గురించి, మగవాళ్ళ తాగుడు గురించి, దెబ్బల గురించి మన పెద్దవాళ్ళు మగపిల్లవాడి ఎదుట నోరు విప్పరు.

మూడవది కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకంలో, అడంగల్లో మీ నాన్నగారి పేరే ఉంటుంది కనుక అక్కడ వెదికితే నిరాశే మిగులుతుంది. మా అత్తగారి పేరు నాకు పాల కేంద్రం పుస్తకంలో, బడి కమిటీ రిజిస్టరులో, రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో దొరికింది. మీకు అన్నింటికన్నా విలువైనది పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం. సారా ఉద్యమం తరువాత మీ జిల్లాలో "పొదుపు లక్ష్మి" పేరుతో రోజుకొక రూపాయి దాచుకునే సంఘాలు పుట్టాయి; తాగుడుకు పోయే డబ్బును ఆడవాళ్ళు అలా కూడబెట్టుకున్నారు. ఆ పాత పుస్తకాలు ఏ ట్రంకు పెట్టె అడుగునో ఇంకా ఉంటాయి, చెదలు పట్టకముందే వెదకండి.

ఇక "గృహిణి" అన్న మాట గురించి. మీరు ఒక్కరే అలా రాయలేదు. జనాభా లెక్కలలో ఏడాదికి కనీసం ఆరు నెలలు, అంటే 183 రోజులు పనిచేసినవారిని ప్రధాన శ్రామికులుగా రాసుకుంటారు. లెక్కలవారు గుమ్మంలోకి వచ్చి అడిగినప్పుడు "మా ఆడవాళ్ళు ఇంటిపట్టునే ఉంటారండీ" అని ఇంటి పెద్ద ఒక్క మాట అంటే, నాటు వేసి, కలుపు తీసి, కోత కోసి, కళ్ళంలో తూర్పారబట్టిన మనిషి సాగుదారుల లెక్కలోకి రాకుండా పోతుంది. పరువు కోసం అన్న ఆ ఒక్క మాటతో ఎన్ని లక్షల మంది చేతి కష్టం కాగితం మీద నుంచి జారిపోయి ఉంటుందో అని నాకు చాలా బాధగా ఉంటుంది. మీ పుస్తకం మొదటి పేజీలో ఆమె పేరు కింద "రైతు" అని రాయండి. ఎవరి అనుమతీ అక్కరలేదు.


జవాబు: ప్రకాశం జిల్లా నుంచి ఒకరు

నేను మీ నాన్నగారి విషయం ఒక్కటే రాస్తాను. మా ఇంట్లోనూ ఇటువంటిదే జరిగింది. మా అమ్మ గురించి నేను రాసిన వ్యాసంలో మా నాన్న తాగుడు గురించి, ఆ కారణంగా అమ్మకున్న పుస్తెలు కుదువకు వెళ్ళడం గురించి ఉన్నదున్నట్టు రాశాను. రాసిందంతా నిజమే. అచ్చయిన తరువాత ఒక ప్రతి తెచ్చి ఆయన మంచం పక్కన పెట్టాను. ఆయన దానిని తెరవలేదు. ఆ తరువాత బతికిన రెండేళ్ళలో నాతో ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రాయకుండా ఉండవలసిందని నేను ఇప్పటికీ అనుకోను. అచ్చుకు ఇవ్వకముందు ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించి ఉండవలసింది. మీ నాన్నగారు ఉన్నారు, మీకు ఆ అవకాశం ఉంది. రాయాలా వద్దా అని మీరూ మీ అక్కగారూ వాదించుకునే ముందు ఆయనను అడగండి. ఆ యాభై ఆరేళ్ళలో మీ అమ్మగారిని అందరికన్నా దగ్గరగా చూసిన మనిషి ఆయనే కదా.


ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం (ఆరు వారాల తరువాత)

మాస్టారికి, కోనసీమ, దివిసీమ అక్కయ్యలకు, ప్రకాశం అన్నగారికి నమస్కారాలు. మీరు చెప్పినట్టే చేశాను. ఏం దొరికిందో మీకు చెప్పడం నా బాధ్యత.

మొదట అక్కను వెంటబెట్టుకుని వాడకు వెళ్ళాను. నేను వేపచెట్టు కింద కూర్చున్నాను, అక్క లోపలికి వెళ్ళింది. మాస్టారి అనుమానమే నిజమైంది. సారా బండిని మొదట ఆపినది అమ్మ కాదు. మొదటి రెండు రాత్రులు పొలిమేరలో కావలి కూర్చున్నవారు వాడ ఆడవాళ్ళు పదకొండు మంది. వారిలో నలుగురు ఇప్పటికీ ఉన్నారు. అమ్మ మూడో రాత్రి వచ్చింది. ఒట్టి చేతులతో రాలేదు. పెద్ద సత్తుగిన్నెతో సజ్జ సంకటి, పులుసు తెచ్చి, వారి మధ్య కూర్చుని వారితో కలిసి తిన్నది. "మీ ఇంటి పెరట్లో మాకు దోసిట్లో నీళ్ళు పోసిన మనిషి ఆ రాత్రి మా పక్కన కూర్చుని ఒకే గిన్నెలో చెయ్యి పెట్టింది. అది మేము మరచిపోలేదు" అని ఒక అవ్వ అక్కతో చెప్పింది. ఆ వాక్యంలోని రెండు సగాలనూ పుస్తకంలో ఉన్నదున్నట్టు పెడుతున్నాను. దోసిట్లో నీళ్ళు పోసిన కాలం కూడా అమ్మ జీవితంలోదే. బావి దగ్గర చలివేంద్రం గురించి నేను రాసుకున్న పేజీని ఈ మాట విన్నాక మళ్ళీ రాయవలసి వచ్చింది.

అక్క ఆ ఇంట్లో నుంచి బయటికి వచ్చేసరికి మూడు గంటలయింది. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, "తాగుడు సంగతి రాయి. అది లేకపోతే వీళ్ళంతా అక్కడ ఎందుకు కూర్చున్నట్టు?" అన్నది.

తీర్మానాల పుస్తకం సంఘంలోని ఒక పిన్నమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. పదిహేడు మంది సభ్యులు, నెలకు మనిషికి ముప్పై రూపాయలు, మొత్తం అయిదు వందల పది. మొదటి మూడు పేజీలు ఎవరో చదువుకున్న అబ్బాయి రాత. నాలుగో పేజీ నుంచి అమ్మ రాత. ఒత్తులు తప్పులే, గీత మీద నిలవని అక్షరాలే, అయినా అంకెలు ఎక్కడా కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. ఒకరికి పురుటి ఖర్చుకు రెండు వందలు, ఒకరికి మేకపిల్లకు నూట యాభై, ఒకరికి బిడ్డ పుస్తకాలకు అరవై ఇచ్చినట్టు ఉంది. ఒక పేజీలో అమ్మ పేరు ఎదురుగానే "రెండు నెలలు బాకీ, జరిమానా రెండు రూపాయలు" అని ఆమె చేత్తోనే రాసి ఉంది. నాయకురాలు తన బాకీని తానే రాసుకుని, జరిమానా తానే వేసుకున్నది. ఆ పేజీని ఫొటో తీసి పుస్తకంలో వేస్తున్నాను. అమ్మను ఊళ్ళో అందరూ "బావికాడక్క" అని పిలిచేవారు, కాగితాల్లో ఫలానావారి భార్య అని రాసేవారు. ఆ తీర్మానాల పుస్తకంలో మాత్రం పదిహేడు మంది పేర్లూ ఏ మగవాడి పేరూ వెంట లేకుండా వారి వారి పేర్లుగానే ఉన్నాయి. అట్ట మీద అమ్మ పేరు కూడా అలాగే వేయిస్తున్నాను.

చివరగా నాన్న. పోయిన ఆదివారం సాయంత్రం వసారాలో ఆయన మంచం పక్కన కూర్చుని, తాగుడు గురించి రాసిన నాలుగు పేజీలనూ చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ గొంతు వణికింది నాకే. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక చాలాసేపు ఊరుకుని, "అంతా నిజమే. కానీ మీకు తెలియనిది ఒకటి ఉంది, అది కూడా రాయి" అన్నాడు.

ఆ ఏడు ఊళ్ళో సారా ఆగిపోయిన తరువాత, అక్టోబరులో చేను దున్నే అదను వచ్చేసరికి ఆయనకు ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. రాత్రి నిద్ర లేదు, చేతిలో చెంబు నిలిచేది కాదు. మేడి పట్టి నాలుగు చాళ్ళు దున్నే ఓపిక లేదు. కూలికి మనిషిని పెడితే ఎందుకు అని ఊరు అడుగుతుంది. మళ్ళీ ఎక్కడో తాగి పడ్డాడని అనుకుంటుంది. ఆడది నాగలి పట్టరాదన్న కట్టు మా ఊళ్ళో ఎంత గట్టిదో అప్పటివారికి తెలుసు. అమ్మ తొమ్మిది రోజులు కోడి కూయకముందే ఎద్దులను తోలుకుని చేనికి వెళ్ళి, తానే మేడి పట్టి దున్నింది. నాన్న గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, ఎద్దులు ఎటు మళ్ళాలో నోటితో చెప్పేవాడు. వెలుతురు రాగానే ఆమె మేడి వదిలి గంప ఎత్తుకునేది, ఆయన లేచి నాగలి దగ్గర నిలబడేవాడు. చూసినవారు దున్నుతున్నది ఆయనే అనుకున్నారు. ముప్పై మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆమె ఎవరికీ చెప్పలేదు, మాకు కూడా. "తొలిరోజు చాళ్ళు వంకరగా వచ్చినాయి. నాలుగో రోజుకు నాకన్నా బాగా దున్నింది" అన్నాడు నాన్న.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి మళ్ళీ వినిపించాను. ఎన్ని రోజులో ఒకచోట పది అని రాస్తే తొమ్మిది అని దిద్దించాడు. దివిసీమ అక్కయ్య చెప్పిన "రైతు" అన్న మాట మొదటి పేజీలో అమ్మ పేరు కింద వేశాను. ఆ మాటకు సాక్ష్యంగా నాన్న చెప్పినదంతా చివరి అధ్యాయంలో పెట్టాను.

పుస్తకం వచ్చే వారం అచ్చుకు వెళుతుంది, రెండు వందల ప్రతులు వేయిస్తున్నాము. పొదుపు సంఘం వారు, వాడ అవ్వలు కలిసి ఒక్కటే అడిగారు. రాత్రి బడిలో నేర్చుకున్న చదువు కనుక తాము మెల్లగా చదువుతామని, చూపు కూడా తగ్గిందని, అందుచేత అక్షరాలు పెద్దవిగా వేయించమని చెప్పారు. యాభై పేజీలు అనుకున్నది ఇప్పుడు తొంభై దాటుతోంది. అచ్చువేసేవారితో మాట్లాడి పెద్ద అక్షరాలకే ఒప్పించాను.